కాస్ట్రో క్యూబా: గెలిచిన విప్లవం, మిగిలిన ప్రశ్న

విస్తీర్ణంలో క్యూబా దీవి ఇంచుమించు మన తెలంగాణ అంత ఉంటుంది. సుమారు 1,10,000 చదరపు కిలోమీటర్లు. అక్కడి నుంచి అమెరికా గడ్డ ఎంత దూరం అంటారా? మన వరంగల్లు నుంచి హైదరాబాదు ఎంతో, సముద్రం మీద ఇంచుమించు అంతే. అంత చిన్న దేశం అంత పెద్ద పొరుగుదేశాన్ని ఎదిరించి నిలబడటం ఇరవయ్యో శతాబ్దపు పెద్ద విశేషాల్లో ఒకటి. ఆ దేశాన్ని 1959 నుంచి 2006 దాకా, అంటే 47 ఏళ్ళపాటు, ఫిడెల్ కాస్ట్రో అనే ఒకే మనిషి నడిపించాడు.

కాస్ట్రో పేరు వింటే మనలో కొందరు పిడికిలి బిగించి జేజేలు కొడతారు. మరికొందరు నియంత అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. రెండూ తొందరపాటు తీర్పులే. ఆ విప్లవం ఏం ఇచ్చిందో, ఏం తీసుకుందో ఒకే తక్కెడలో వేసి చూడాలి. అలా చూడటానికి మనకొక దగ్గరి దారి ఉంది. ఈ కథలో మొదటి నుంచీ హవానా యూనివర్శిటీ విద్యార్థులున్నారు, వాళ్ళ సంఘం ఉంది. ఆ సంఘానికి ఏమైందో గమనిస్తే విప్లవం సంగతి సగం తెలిసిపోతుంది.

చెరకు దీవి

క్యూబా 1898 దాకా స్పెయిన్ వలస. స్పెయిన్ పోయింది, అమెరికా వచ్చింది. 1902లో స్వతంత్ర దేశమని పేరు పెట్టారు గాని, ఎప్పుడు అవసరమనుకుంటే అప్పుడు జోక్యం చేసుకునే హక్కును అమెరికా క్యూబా రాజ్యాంగంలోనే రాయించుకుంది. ప్లాట్ సవరణ అనే ఆ నిబంధన 1934 దాకా అమలులో ఉంది. గ్వాంటనమో నౌకాస్థావరం ఆనాటిదే.

దేశమంతటికీ ఒకే పంట, చెరకు. దాన్ని కొనేది ముఖ్యంగా ఒకే దేశం, అమెరికా. మంచి భూములు, చక్కెర మిల్లులు చాలావరకు పెద్ద భూస్వాముల చేతుల్లోనో, అమెరికా కంపెనీల చేతుల్లోనో ఉండేవి. కరెంటు, టెలిఫోను కంపెనీలు సైతం అమెరికా వాళ్ళవే. చెరకు నరికే కూలీకి ఏడాదిలో కొన్ని నెలలే పని దొరికేది. పని లేని మిగతా రోజులను వాళ్ళు ‘చచ్చిన కాలం’ అనేవాళ్ళు. హవానాలో మేడలు, హోటళ్ళు, జూదశాలలు వెలుగుతుంటే పల్లెల్లో మట్టినేల గుడిసెలు, బడి లేని పిల్లలు. దొరల గడీలు, వెట్టిచాకిరీ గురించి తాతల నోట విన్న మనకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర లేదు.

విద్యార్థి నుంచి తిరుగుబాటుదారు

ఫిడెల్ కాస్ట్రో బీదింటి బిడ్డ కాదు. 1926 ఆగస్టు 13న తూర్పు క్యూబాలోని బిరాన్‌లో పుట్టాడు. తండ్రి స్పెయిన్ నుంచి వలస వచ్చి, కష్టపడి పెద్ద భూస్వామి అయిన మనిషి. ఫిడెల్ జెసూట్ బడుల్లో చదివి, 1945లో హవానా యూనివర్శిటీలో లా చదవటానికి చేరాడు. అతడికి రాజకీయం పట్టుబడింది అక్కడే, విద్యార్థి సంఘం గొడవల్లోనే. 1950లో వకీలు అయ్యాడు. 1952 ఎన్నికల్లో పార్లమెంటుకు పోటీ చేయబోయాడు. కాని ఆ ఎన్నికలు జరగనే లేదు. మార్చి 10న బటిస్టా అనే సైనికాధికారి కుట్రతో అధికారం లాక్కున్నాడు. ఓటు పెట్టె మూసుకుపోతే తుపాకీ దిక్కయింది.

1953 జూలై 26న కాస్ట్రో సుమారు 160 మందిని వెంటబెట్టుకుని శాంటియాగోలోని మొంకాడా సైనిక శిబిరం మీద దాడి చేశాడు. దాడి ఘోరంగా విఫలమయింది. పట్టుబడ్డవాళ్ళలో అనేకమందిని చిత్రహింసలు పెట్టి చంపారు. విచారణలో కాస్ట్రో తన కేసు తానే వాదించుకున్నాడు. ‘చరిత్ర నన్ను నిర్దోషిగా ప్రకటిస్తుంది’ అన్న పేరుతో అచ్చయింది ఆ ప్రసంగమే. అందులో అతడు అడిగినవి ఏమిటి? 1940 రాజ్యాంగాన్ని తిరిగి నిలబెట్టటం, కౌలుదారులకు భూమి, చదువు, ఇళ్ళు. 15 ఏళ్ళ శిక్ష పడింది గాని, 1955లో క్షమాభిక్ష మీద బయటికొచ్చి మెక్సికో వెళ్ళాడు. అర్జెంటీనా డాక్టరు చే గువేరా పరిచయమయింది అక్కడే.

1956 నవంబరు 25న గ్రాన్మా అనే చిన్న పడవలో 82 మంది బయలుదేరారు. డిసెంబరు 2న క్యూబా ఒడ్డు చేరారో లేదో, సైన్యం విరుచుకుపడింది. సియెర్రా మాయెస్ట్రా కొండలు చేరుకున్నది ఇరవై మందికి అటూ ఇటూ. ఆ గుప్పెడు మంది రెండేళ్ళలో ఎలా గెలిచారు? కొండ రైతులు ఆశ్రయమిచ్చారు. పట్టణాల్లో కార్మికులు, మధ్యతరగతి, విద్యార్థులు ప్రాణాలకు తెగించి పనిచేశారు. బటిస్టా క్రూరత్వం వల్ల అతడి సొంత సైన్యానికే మనసు విరిగింది. 1958లో అమెరికా కూడా అతడికి ఆయుధాలు పంపటం ఆపేసింది.

కొండల్లో ఉన్నవాళ్ళ పేర్లే లోకానికి తెలుసు. నగరంలో చనిపోయినవాళ్ళ పేర్లు చాలామందికి తెలియవు. హోసే ఆంతోనియో ఎచెవెర్రియా హవానా యూనివర్శిటీ విద్యార్థి సంఘం అధ్యక్షుడు. 1957 మార్చి 13న అతడి సహచరులు అధ్యక్ష భవనం మీద దాడి చేస్తుండగా, అతడు రేడియో స్టేషన్‌ను పట్టుకుని ప్రజలకు పిలుపునిచ్చాడు. తిరిగివస్తుంటే యూనివర్శిటీ పక్కనే పోలీసు తూటాలకు బలయ్యాడు. అప్పటికి అతడి వయసు 24.

1959 జనవరి 1న బటిస్టా విమానమెక్కి పారిపోయాడు. 8వ తేదీన కాస్ట్రో హవానాలో అడుగుపెట్టాడు. ఫిబ్రవరిలో ప్రధానమంత్రి అయ్యాడు.

భూమి, చదువు

కొత్త ప్రభుత్వం చేసిన మొదటి పెద్ద పని 1959 మే 17 నాటి భూసంస్కరణ చట్టం. పరిమితి 402 హెక్టార్లు, అంటే దాదాపు వెయ్యి ఎకరాలు. మన ఆంధ్రప్రదేశ్ 1973 చట్టంలో పరిమితి తరీ అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. ధర్మసాగర్ చెరువు కింద మడి చేసే రైతుకు వెయ్యి ఎకరాల పరిమితి అంటే నవ్వొస్తుంది. కాని అక్కడి కమతాలు వేల ఎకరాల్లో ఉండేవి. తేడా అమలులో ఉంది. మన దగ్గర కాగితాల మీద బినామీ పేర్లలోకి జారిపోయిన భూమెంతో! అక్కడ కాస్ట్రో సొంత కుటుంబపు భూములకు కూడా చట్టం వర్తించింది. లక్షమందికి పైగా కౌలు రైతులు పట్టాదారులయ్యారు. 1963లో పరిమితిని 67 హెక్టార్లకు తగ్గించారు.

అయితే ఇంకో సంగతి మరవగూడదు. పెద్ద చెరకు తోటలను కూలీలకు పంచలేదు. మొదట సహకార సంఘాలన్నారు, తర్వాత ప్రభుత్వ క్షేత్రాలు చేశారు. చివరికి సాగుభూమిలో సగానికి పైగా ప్రభుత్వం చేతికే వచ్చింది. దొర పోయాడు గాని కూలీ కూలీగానే మిగిలాడు. ఏడాది పొడుగునా పని, జీతం దొరికాయి. నిజమే. ఏ పంట వేయాలో చెప్పే హక్కు మాత్రం దొరకలేదు.

విప్లవం చేసిన పనుల్లో మనలాంటి విద్యార్థులు గర్వంగా చెప్పుకోదగ్గది 1961 నాటి అక్షరాస్యతా ఉద్యమం. సుమారు లక్షమంది విద్యార్థులు, పది పన్నెండేళ్ళ పిల్లలతో సహా, చేత ఒక వాచకం, ఒక లాంతరు పట్టుకుని పల్లెలకు పోయారు. పగలు రైతులతో పొలం పని, రాత్రి లాంతరు వెలుగులో చదువు. ఏడు లక్షలమందికి పైగా చదవటం, రాయటం నేర్చుకున్నారు. నూటికి 23 మంది నిరక్షరాస్యులున్న దేశంలో ఏడాది తిరిగేసరికి నలుగురు మిగిలారు. వైద్యంలోనూ ఇదే పట్టుదల. దేశంలోని డాక్టర్లలో సగం మంది వలసపోతే, కొత్తవాళ్ళను తయారుచేసి పల్లె పల్లెకూ పంపారు. 1963 నుంచే అల్జీరియాకు డాక్టర్లను పంపగలిగారు.

ఒక యూనియన్ ఎన్నిక

ఇక రెండో తక్కెడ. 1957లో కొండల్లో నుంచి విడుదల చేసిన ప్రకటనలో, విజయం సాధించిన ఏడాదిలోగా ఎన్నికలు జరుపుతామని కాస్ట్రో, అతడి మిత్రులు మాటిచ్చారు. ఆ మాట నిలబడలేదు. కొత్త రాజ్యాంగం, జాతీయ శాసనసభ వచ్చింది 1976లో, అంటే విజయం తర్వాత 17 ఏళ్ళకు. అప్పుడు కూడా ఒకే పార్టీ. 1960 మధ్యకల్లా స్వతంత్ర దినపత్రికలు మూతపడ్డాయి. విప్లవం పక్కనే పోరాడిన హ్యూబర్ మాటోస్, ప్రభుత్వంలో కమ్యూనిస్టుల పలుకుబడి పెరుగుతోందని రాజీనామా చేస్తే 20 ఏళ్ళ జైలు శిక్ష పడింది.

1959 అక్టోబరులో హవానా యూనివర్శిటీ విద్యార్థి సంఘానికి ఎన్నికలు వచ్చాయి. ఒక వైపు రొలాండో కుబేలా, మరో వైపు పెద్రో లూయిస్ బొయితెల్. ఇద్దరూ బటిస్టాను ఎదిరించినవాళ్ళే. కాస్ట్రో స్వయంగా కలగజేసుకుని, ఐక్యత పేరుతో కుబేలా వైపు మొగ్గు చూపాడు. కుబేలా అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడాది యూనివర్శిటీ స్వయంప్రతిపత్తి కూడా పోయింది. బొయితెల్ ఏమయ్యాడు? 1961లో జైలు పాలై, 1972 మేలో నిరాహారదీక్షలో ప్రాణం వదిలాడు. గెలిచిన కుబేలా? కొన్నాళ్ళకు అమెరికా గూఢచారి సంస్థతో చేతులు కలిపి, కాస్ట్రోను చంపే కుట్రలో 1966లో పట్టుబడి జైలుకు పోయాడు. బాహాటంగా విభేదించే చోటు లేకుండా పోయినప్పుడు ఒకరికి నిరాహారదీక్ష, మరొకరికి కుట్ర మిగిలాయి.

1965 నుంచి 1968 దాకా మతవిశ్వాసులను, స్వలింగ సంపర్కులను, ‘దారి తప్పిన’ యువకులను శ్రమ శిబిరాలకు తోలారు. స్వలింగ సంపర్కులకు జరిగిన అన్యాయానికి బాధ్యత తనదేనని కాస్ట్రో 2010లో ఒప్పుకున్నాడు. అప్పటికి నలభై ఏళ్ళు దాటిపోయాయి.

ఇద్దరు పెద్దల నడుమ

దీనంతటికీ అమెరికా బాధ్యత లేదా అంటే, చాలా ఉంది. 1960లో చక్కెర కొనుగోలు ఆపేసింది. 1961 ఏప్రిల్‌లో సుమారు 1,400 మంది ప్రవాసులకు ఆయుధాలిచ్చి బే ఆఫ్ పిగ్స్ మీదికి పంపింది. మూడు రోజుల్లో ఆ దండయాత్ర మట్టికరిచింది. 1962లో వ్యాపారం పూర్తిగా బందు పెట్టింది. కాస్ట్రోను చంపటానికి మళ్ళీ మళ్ళీ కుట్రలు పన్నింది. ఇంటి గుమ్మం ముందు శత్రువు నిలబడితే ఏ ప్రభుత్వమైనా జాగ్రత్త పడుతుంది. కాని ముప్పు ఉన్నంతకాలం ప్రశ్న వద్దంటే, ముప్పు ఎన్నడు పోవాలి, ప్రశ్న ఎన్నడు రావాలి?

అమెరికా విడిచిన చోటికి సోవియట్ రష్యా వచ్చింది. 1962 అక్టోబరులో దాని క్షిపణుల వల్ల ప్రపంచం అణుయుద్ధపు అంచు దాకా పోయింది. చక్కెరను మంచి ధరకు కొని, చమురు ఇచ్చింది. కొనేవాడు మారాడు గాని, చెరకు మీది ఆధారం పోలేదు. 1970లో కోటి టన్నుల చక్కెర తీస్తామని కాస్ట్రో దేశం మొత్తాన్ని తోటల్లోకి దింపాడు. సుమారు 85 లక్షల టన్నులే వచ్చింది. మిగతా పనులన్నీ పడకేశాయి. లెక్క తప్పని ముందే చెప్పగల నిపుణులు లేకపోలేదు. ఆ మాట రాసే పత్రిక లేదు, అడిగే ప్రతిపక్షం లేదు. ఓటమిని కాస్ట్రో బహిరంగ సభలో తానే ఒప్పుకున్నాడు. అది అతడి పెద్దతనమే. కాని నాయకుడు ఒప్పుకుంటే తప్ప తప్పు బయటపడని పద్ధతి మంచి పద్ధతి కాదు.

1980లో మారియెల్ రేవు నుంచి సుమారు 1,25,000 మంది దేశం విడిచారు. 1991లో సోవియట్ రష్యా కూలిపోగానే క్యూబా ఉత్పత్తి మూడో వంతు పడిపోయింది. కరెంటు లేదు, బస్సు లేదు, తిండికి కటకట. అలాంటి రోజుల్లో కూడా బడులు, దవాఖానాలు మూయలేదు. అదే కాలంలో, 1994 వేసవిలో, వేలమంది చెక్క తెప్పల మీద సముద్రం దాటటానికి తెగించారు. రెండూ ఒకే దేశపు నిజాలు.

మన దేశానికి ఆయన దగ్గరివాడు. 1959లో చే గువేరా ఢిల్లీ వచ్చి నెహ్రూను కలిశాడు. 1960లో న్యూయార్కులో కాస్ట్రో దిగిన హోటలుకు నెహ్రూయే వెళ్ళాడు. 1983 మార్చిలో ఢిల్లీ అలీనోద్యమ సభలో అధ్యక్ష పదవి అప్పగిస్తూ కాస్ట్రో ఇందిరాగాంధీని ఆలింగనం చేసుకోవటం మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. జబ్బుపడి 2006లో పగ్గాలు తమ్ముడు రౌల్‌కు ఇచ్చి, 2008లో పదవి పూర్తిగా వదిలాడు. 2016 నవంబరు 25న, గ్రాన్మా పడవ బయలుదేరి సరిగ్గా అరవై ఏళ్ళు నిండిన రోజున, కన్నుమూశాడు.

మనకు మిగిలేది

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు, ఆ వెంట లేచిన జనం భూమి ఒక్కటే అడగలేదు. దొర ముందర తలెత్తి మాట్లాడే హక్కు కూడా అడిగారు. భూమి, మాట అనే ఈ రెండూ ఒకే కోరికకు రెండు కొసలు. క్యూబా విప్లవం మొదటిదాన్ని చాలావరకు నెరవేర్చింది, రెండోదాన్ని వాయిదా వేసింది. వాయిదా వేసిన హక్కు తనంతట తాను తిరిగి రాలేదు.

ఓట్లు, పత్రికలు ఉండి కూడా ఒక్క ఏడాదిలో ఏడు లక్షలమందికి అక్షరాలు నేర్పలేని దేశాలు కాస్ట్రోను చూసి నవ్వే ముందు తమను తాము చూసుకోవాలి. పల్లెకు పోయి లాంతరు వెలిగించిన ఆ లక్షమంది విద్యార్థులు మనకు ఆదర్శమే. అయితే ఆ వెలుగులో అక్షరాలు నేర్చుకున్న రైతు, రేపు ప్రభుత్వానికి ఒక ఫిర్యాదు రాస్తే ఏమవుతుంది? ఏ విప్లవాన్నయినా, ఏ ప్రభుత్వాన్నయినా, ఆ మాటకొస్తే ఏ విద్యార్థి సంఘాన్నయినా తూచవలసింది ఆ ప్రశ్నతోనే.