ఫీజు కట్టేస్తే సరిపోతుందా?

యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మన పాఠకులు ఎరుగుదురు. రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి లోకానికి అందించిన మహారసాయనికుడాయన. ఐతే, ఆయన అమెరికా ఓడ ఎక్కటానికి మామగారు సమకూర్చిన డబ్బూ, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ ఆసరా అయినాయన్న సంగతి కొందరికే తెలుసు. బుద్ధి ఎంత వున్నా, అది ఓడ టిక్కెట్టు కొనిపెట్టదు గదా!

నేను సికిందరాబాదులో బన్సీలాల్‌పేట వాసిని. 2022లో బాగుచేసి తెరిచిన మెట్లబావి వల్ల మా పేట పేరు పత్రికల కెక్కింది. మా వీధిలోనే ఇళ్ళల్లో పనిచేసుకునే ఒకామె వున్నది. ఆమె కూతురు ఇంటరు ప్యాసై, కెమిస్ట్రీతో బి.యస్సీ. చదువుతానంటున్నది.

"ఫీజు సర్కారు ఇస్తదట అక్కా. మరి బస్సు పైసలు, కోటు, రికార్డు బుక్కులు ఎవరిస్తరు? పగలంతా కాలేజీల వుంటె నాకు తోడెవరు వస్తరు?" అని అడిగిందామె.

అసలు చిక్కు అక్కడే వున్నది. కొన్ని చదువులు ఇంట్లో పుస్తకం ముందు పెట్టుకుని ఎలాగో నెట్టుకు రావచ్చు. రసాయన శాస్త్రం అలా కాదు. లవణాన్ని పరీక్షించటం, బ్యూరెట్ పట్టటం ప్రయోగశాలలో నిలబడి నేర్చుకోవలసిందే. ఆ పూట పేదపిల్లకు కూలి పోయిన పూట. అందుచేత విద్యార్థి వేతనం ఫీజుకే కాదు, ఆ పూటకు కూడా రావాలి.

ఈ మాట పెద్దలు ఏనాడో గ్రహించారు. 1942లో డాక్టర్ అంబేద్కర్ వైస్రాయికి సమర్పించిన విన్నపంలో, షెడ్యూల్డు కులాల విద్యార్థుల సైన్సు, సాంకేతిక చదువులకు ప్రత్యేకించి వేతనాలు కోరారు. 1944లో మెట్రిక్ పై చదువులకు వేతనాలు మొదలైనాయి. చిత్రంగా, నేడు తార్నాకలో వున్న రసాయన పరిశోధన సంస్థకు హైదరాబాదు రాజ్యంలో పునాది పడినదీ ఆ 1944లోనే!

ఆ సంస్థలోనే చివరి సంవత్సరాలు పనిచేసిన దర్శన్ రంగనాథన్‌గారి కథ స్త్రీలందరూ తెలుసుకోదగినది. 1851 ప్రదర్శన కమిషన్ వేతనంతో లండనులో పరిశోధించి వచ్చారు. భర్త అధ్యాపకులుగా వున్న కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆమెకు అధ్యాపక పదవి లభించలేదు. ఐనా ఫెలోషిప్పుల మీదనే ఏళ్ళ తరబడి పరిశోధన సాగించి, ప్రోటీన్ల రసాయన శాస్త్రంలో ఖ్యాతి గడించారు. 2001లో కన్నుమూశారు. ఆ ఫెలోషిప్పులే లేకుంటే దేశానికి ఎంత నష్టం!

మార్కులనుబట్టి ఇచ్చే వేతనాలు కూడా వున్నాయి. 2008లో వచ్చిన ఇన్‌స్పైర్ పథకం ఏటా 80,000 రూపాయలుగా ఏర్పడింది. కాని అది ముఖ్యంగా బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో నిలిచినవారికి. నలుగురు పడుకునే ఒకే గదిలో, రాత్రి పదింటి తరువాత పుస్తకం తెరిచే పిల్లకు ఆ గీత దాటటం సులభమా? ప్రతిభకు వేతనం వుండవలసిందే, అవసరానికీ వుండవలసిందే.

ప్రభుత్వ వేతనానికి కులం, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతా కావాలి. ఒక్క అక్షరం తప్పు పడితే దరఖాస్తు ఆగిపోతుంది. మన ఇంట్లో పనిచేసే తల్లి బిడ్డకు ఒక సాయంత్రం కూర్చుని ఆ కాగితాలు సరిచూసి పెడితే మనకు పోయేదేమీ లేదు. ఆ అమ్మాయికి మాత్రం మూడేళ్ళ చదువు నిలుస్తుంది.