అర లీటరు ఊపిరి, అయిదు సెంటీమీటర్ల నొక్కు

చేత్తో నొక్కి ఊపిరి పోసే ఆంబూ బ్యాగు పెద్దవాళ్లదైతే అందులో సుమారు 1,500 మిల్లీలీటర్ల గాలి పడుతుంది. ఊపిరి ఆగిన మనిషికి ఒక్కో విడతకు కావలసింది 500 నుంచి 600 మిల్లీలీటర్లే. బ్యాగును మూడో వంతు నొక్కి, ఛాతీ కాస్త పైకి లేచిందని కంటితో చూసుకుంటే సరిపోతుంది. మొత్తం పిండేస్తే మిగతా గాలి పొట్టలోకి పోతుంది. పొట్ట ఉబ్బి, తిన్నది పైకి తన్నుకొచ్చి, ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఇక వేగం. శ్వాసనాళంలో గొట్టం వేశాక 6 సెకన్లకు ఒక్క శ్వాస, అంటే నిమిషానికి 10. ఎదురుగా ప్రాణం పోతుంటే, చుట్టూ ఇంటివాళ్లు ఏడుస్తుంటే, 6 సెకన్లు ఆగడం చాలా కష్టం. చెయ్యి ఊరుకోదు.

అది ఎంతగా ఊరుకోదో అమెరికాలోని మిల్వాకీలో కొలిచారు. 2004లో వెలువడిన ఆ అధ్యయనంలో, గుండె ఆగిన 13 మందికి అత్యవసర సిబ్బంది సగటున నిమిషానికి 30 శ్వాసలు ఇచ్చారని తేలింది. వాళ్లు శిక్షణ పొందినవాళ్లే. మొదటి ఏడుగురి దగ్గర సగటు 37 ఉండటం చూసి, నిమిషానికి 12 మించవద్దని సిబ్బందికి మళ్లీ పాఠం చెప్పారు. తర్వాతి ఆరుగురి దగ్గర అది 22కు దిగింది. 12కు మాత్రం రాలేదు. అదే బృందం పందుల మీద చేసిన పరీక్షలో నిమిషానికి 12 శ్వాసలు అందుకున్న 7 పందుల్లో 6 బతికితే, 30 అందుకున్న 7లో ఒక్కటే బతికింది. బ్యాగు నొక్కిన ప్రతిసారీ ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి దిగే వ్యవధి లేకపోతే ఒంట్లో రక్తం గుండెకు తిరిగి రాదు. రాని రక్తాన్ని ఎంత బలంగా నొక్కినా మెదడుకు పంపలేం.

పారామెడిక్ శిక్షణ గురించి మాట్లాడేటప్పుడు నేను ముందుగా ఈ 37, 22 అంకెలనే చూస్తాను. తెలిసిన విషయం కూడా చేతికి రావడానికి ఒక్క పాఠం చాలదని ఇంతకన్నా తేటగా చెప్పే లెక్క నాకు కనబడలేదు.

విజయవాడలో ఈ చర్చకు గుణదలను మించిన చోటు లేదు. సిద్ధార్థ వైద్య కళాశాల ఇక్కడిది. 1986లో పుట్టిన ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం దాని సరసనే ఉంది. కొత్త ప్రభుత్వాసుపత్రి ఇక్కడే, ఈఎస్ఐ ఆసుపత్రీ ఇక్కడే. మరోవైపు మేరీమాత కొండ. 1924లో విగ్రహం నెలకొన్న ఆ చోటికి ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షల మంది వస్తారు. పెద్ద వయసువాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు కూడా మొక్కు కోసం శిలువ దాకా మెట్లెక్కుతారు. ఎవరికైనా ఆ మెట్ల మీద గుండె ఆగితే, కింద రోడ్డు మీద ఎంత పెద్ద ఆసుపత్రి ఉన్నా మొదటి పది నిమిషాలూ ఆ మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చునేవాళ్ల చేతుల్లోనే ఉంటాయి.

108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. 2020 జూలై 1న బెంజి సర్కిల్ దగ్గర కొత్త వాహనాలకు జెండా ఊపినప్పుడు వాటిలో 108 అంబులెన్సులు 412. అందులో 282 ప్రాథమిక ప్రాణరక్షణ వాహనాలు, 104 వెంటిలేటరు వంటి పరికరాలున్న ఆధునిక ప్రాణరక్షణ వాహనాలు, 26 పసిపిల్లల కోసం. పసిపిల్లలవి పక్కన పెడితే, ప్రతి 100లో 73 ప్రాథమిక వాహనాలే. మన దగ్గరికి వచ్చే బండిలో యంత్రం కన్నా మనిషి చెయ్యే ఎక్కువ పనిచేయాలని దీని అర్థం. నగరంలో 15 నిమిషాలు, పల్లెల్లో 20, ఏజెన్సీలో 30 అని అప్పుడు గడువులు పెట్టారు.

ఆ 15 నిమిషాలను గుండె పక్కన పెట్టి చూద్దాం. షాక్ ఇస్తే తిరిగి కొట్టుకునే రకంగా గుండె ఆగినప్పుడు, ఎవరూ ఏమీ చేయకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం పడిపోతుంది. తక్కువ అంకే తీసుకున్నా, 15ను 7తో గుణిస్తే 105. బండి చెప్పిన వేళకే వచ్చినా, ఈ సూటి లెక్కలో మిగిలేది ఏమీ లేదు. పక్కనున్నవాళ్లు ఛాతీ నొక్కడం మొదలుపెడితే ఆ తరుగు నిమిషానికి 3, 4 శాతానికి తగ్గుతుంది. అందుకే పారామెడిక్ శిక్షణలో మొదటి భాగం అంబులెన్సులో కాదు, ఫోన్ ఎత్తే గదిలో ఉండాలి. అక్కడ అడగాల్సినవి రెండే ప్రశ్నలు: పిలిస్తే పలుకుతున్నాడా, ఊపిరి మామూలుగా ఉందా? ఈ రెండోది చాలా చిక్కు ప్రశ్న. గుండె ఆగిన తొలి నిమిషాల్లో దాదాపు 40 శాతం మందిలో నోరు తెరిచి, ఆగి ఆగి లాగే ఎగశ్వాస కనబడుతుంది. ఇంటివాళ్లు దాన్ని చూసి ‘ఊపిరి ఉందండీ’ అంటారు. ఆ జవాబు విని కాల్ తీసుకున్నవాళ్లు ఊరుకుంటే ఆ మనిషి గతి అంతే. ‘ఒక్కో ఊపిరికీ మధ్య ఎంతసేపు పడుతోందమ్మా, నాకు వినిపించేలా చెప్పండి’ అని అడగడం నేర్పితే వస్తుంది.

ఇప్పుడు బండి వచ్చిందనుకుందాం. 108లో మామూలుగా ఉండేది ఇద్దరు: ఈఎంటీ, పైలట్. ఈఎంటీ అంటే అత్యవసర వైద్య సాంకేతికుడు, పైలట్ అంటే డ్రైవరు. బండి కదిలిన క్షణం నుంచి వెనక ఈఎంటీ ఒక్కరే. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా లేవనివ్వాలి. 30 నొక్కులు, రెండు శ్వాసలు ఒక విడత. నిమిషానికి 110 వేగంతో 30 నొక్కులకు 16 సెకన్లు పడతాయి. రెండు శ్వాసలకు 5 సెకన్లు పట్టిందనుకుంటే మొత్తం 21లో 16, అంటే 76 శాతం సమయం రక్తం కదులుతున్నట్టు. మాస్కు సరిగా అమరక ఆ శ్వాసలకు 12 సెకన్లు పడితే 28లో 16. అది 57 శాతం. కనీసం ఉండాలని చెప్పే 60 కన్నా కిందికి పడిపోయింది. తేడా 7 సెకన్లే. ఆ 7 సెకన్లు బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద ఎలా అమరాయన్న దాంట్లో, మిగతా మూడు వేళ్లు దవడను ఎలా పైకి లాగాయన్న దాంట్లో ఉంటాయి. ఇది పుస్తకంతో వచ్చే విద్య కాదు.

ఒక మనిషి రెండు నిమిషాలు నొక్కేసరికి అలసిపోతాడు. తనకు తెలియకుండానే లోతు తగ్గుతుంది. అందుకే రెండు నిమిషాలకోసారి చేతులు మారాలంటారు. వెనక ఒక్కరే ఉన్న బండిలో మారేదెవరు? ఏలూరు రోడ్డు మీద మలుపులు, బ్రేకులు, స్పీడ్ బ్రేకర్ల మధ్య నిలబడి 5 సెంటీమీటర్లు నొక్కడం ఎవరివల్లా కాదు. బెల్టు లేకుండా నిలబడ్డ ఈఎంటీ ప్రాణానికీ అది ముప్పు. గుండె ఆగిన మనిషిని ఎత్తుకుని పరుగెత్తడం మన వాడుక. అక్కడే కూర్చుని, ఇద్దరూ కలిసి, షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటరు తగిలించి పని చేయడం ఆ మనిషికి మేలు. ఇంటివాళ్లు ‘ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇక్కడేం చేస్తున్నారు’ అని మీదికి వస్తారు. ఒక చేత్తో పని చేస్తూనే వాళ్లకు రెండు మాటల్లో చెప్పగలగడం కూడా శిక్షణలో ఉండాలి.

గుండెపోటు వేరు. అక్కడ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఓ రక్తనాళం పూడుకుపోతుంది. ఆ రోగిని కదిలించాల్సిందే. మనిషి దగ్గరికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయడం, ఎలర్జీ, రక్తస్రావం లేవని అడిగి ఆస్పిరిన్ నమిలించడం, సరైన ఆసుపత్రికి ముందే కబురు పెట్టడం దీని పద్ధతి.

ఆయాసం సంగతికి వస్తే లెక్కలు మరింత తికమకపెడతాయి. ఉబ్బసం, పొగతో పాడైన ఊపిరితిత్తులు, గుండె బలహీనపడి నీరు చేరడం, గొంతులో ఏదో అడ్డుపడటం – నాలుగింటికీ ఇంటివాళ్ల నోట ఒకటే మాట: ‘ఊపిరాడటం లేదు’. పిల్లికూతలు గట్టిగా వినబడే ఉబ్బసం రోగి కన్నా, కూతలు ఆగిపోయి మాట రాని రోగి ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. గాలి కదిలితేనే కదా కూత పుట్టేది. మామూలు రోగికి రక్తంలో ఆక్సిజన్ 94 శాతం పైన ఉండేలా చూస్తాం. దీర్ఘకాలంగా ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ మనిషికి 88 నుంచి 92 చాలు. అంతకు మించి పోస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మత్తులోకి జారవచ్చు. ఎక్కువ ఇస్తే మంచిదే కదా అన్న నమ్మకాన్ని తీసేయడానికి తరగతి గదిలో ఎంత సమయం పెట్టినా తక్కువే.

మన కృష్ణా డెల్టాకు సొంత కష్టాలు రెండున్నాయి. ఒకటి పాము. వరి చేలల్లో, గట్ల మీద తిరిగే నాగుపాము, కట్లపాముల విషం కండరాల్ని పడగొడుతుంది. ముందు కనురెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, చివరికి ఊపిరి కండరం ఆగుతుంది. గుండె బాగానే ఉంటుంది. ఆసుపత్రికి చేరేదాకా ఎవరైనా ఊపిరి పోస్తూ ఉంటే ఆ మనిషి లేచి నడిచి ఇంటికి వెళ్లగలడు. అవనిగడ్డ వైపు నుంచి విజయవాడకు గంటన్నర ప్రయాణం అనుకోండి: నిమిషానికి 10 చొప్పున 900 సార్లు బ్యాగు నొక్కాలి. బండిలోని బి-టైపు సిలిండరులో నిండుగా ఉంటే 1,500 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 15 లీటర్లు వాడితే 100 నిమిషాలు. సగం ఖాళీ సిలిండరుతో బయలుదేరితే దారిలోనే అయిపోతుంది. షిఫ్టు ఎక్కగానే మీటరు చూడటం, భాగించడం రావాలి. ఇదీ ప్రాణం కాపాడే చదువే.

రెండోది పురుగుమందు. తాగినవాళ్ల నోటి వెంట, ఊపిరితిత్తుల్లో నీరు ఊరిపోతుంది. మునిగిపోతున్నవాళ్ల స్థితే అది. నోరు శుభ్రం చేసి, ఫోన్‌లో ఉన్న డాక్టరు సలహాతో అట్రోపిన్ మొదలుపెట్టాలి. పెద్దలకు తొలి మోతాదు 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు. ఒక ఆంపూల్‌లో 0.6 ఉంటే మూడు నుంచి ఐదు ఆంపూల్స్. ఛాతీలో గరగర తగ్గకపోతే ప్రతి 5 నిమిషాలకూ రెట్టింపు. ఒక్క ఆంపూల్ ఇచ్చి చేతులు దులుపుకుంటే ఉపయోగం లేదు.

ఇన్ని నేర్చుకోవడానికి ఎన్ని గంటలు? 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం అత్యవసర వైద్య సాంకేతికుల్ని తొలిసారి ఒక వృత్తిగా గుర్తించింది. అనుబంధ వృత్తులవారికి కనీసం 2,000 గంటలు, డిగ్రీతో వచ్చే ఆరోగ్య వృత్తులవారికి 3,600 గంటలు అని గీత గీసింది. పారామెడిక్‌లకు ప్రపంచమంతా ఉదాహరణగా చూసే సియాటిల్‌లోనూ శిక్షణ 2,000 గంటలకు పైనే. మన గీత చిన్నదేం కాదు. నా దిగులు గంటల గురించి కాదు, ఆ తర్వాతి నెలల గురించి. ప్రాణరక్షణ శిక్షణ కార్డు మామూలుగా రెండేళ్లు చెల్లుతుంది. ఛాతీ నొక్కే నేర్పు మూడు నుంచి ఆరు నెలల్లోనే తగ్గిపోతుందని ఎన్నో పరీక్షల్లో తేలింది. 24 నెలల కార్డులో చివరి 18 నెలలు, అందులో రాసిన నేర్పు ఆ చేతిలో ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు.

దీనికి కొత్త భవనం అక్కర్లేదు. వైద్య కళాశాల, విశ్వవిద్యాలయం, ఆసుపత్రి ఒక్కచోటే ఉన్న గుణదలలో లోతును, వేగాన్ని కొలిచి తెరమీద చూపించే బొమ్మలు రెండు పెట్టి, మూడు నెలలకోసారి ప్రతి ఈఎంటీనీ అరగంట కూర్చోబెడితే ఏడాదికి రెండు గంటలు. 12 గంటల షిఫ్టులో ఆరో వంతు. తప్పు చేసినందుకు జీతం కోయకుండా, అంకె చూపించి మళ్లీ చేయించాలి. ఫిబ్రవరి తిరునాళ్లకు ముందు ఒక విడత కొండ మెట్ల మీదే పెట్టాలి. స్ట్రెచరు వంగిన చోట ఎంతసేపు నొక్కు ఆగిందో గడియారం పట్టి చూడాలి.

ఆ అరగంటలో పైలట్‌నూ కూర్చోబెట్టాలి. బండి ఆగి ఉన్నంతసేపూ అక్కడున్న రెండో జత చేతులు అతనివే. రెండు నిమిషాలు ఈఎంటీ, రెండు నిమిషాలు పైలట్ మార్చుకుంటే 20 నిమిషాల్లో ఒక్కొక్కరికి వచ్చేది 10 నిమిషాలు, అదీ మధ్య మధ్య విశ్రాంతితో. పైలట్‌కు ఆ పని రాకపోతే ఇరవై నిమిషాలూ ఒక్కరి మీదే పడతాయి. అయిదు సెంటీమీటర్ల లోతు మూడో నిమిషానికే తగ్గడం మొదలవుతుంది.