తుఫాను పోయాక వచ్చే ఖర్చు

 

మొన్న దసరా సెలవులకి విశాఖపట్నంలో మా మావయ్య వాళ్లింటికి వెళ్లాను. రెండోరోజే సముద్రంలో వాయుగుండం. కరెంటు పోతూ వస్తూ ఉంది. మావయ్య "గాలికి భయం లేదల్లుడూ, తరవాత ఖర్చుకే భయం" అన్నాడు. అదేటో అర్థం కాక అడిగాను. తెలుసుకున్నది మీకోసం రాస్తున్నాను.

ముందు తుఫాను ఎలా పుడుతుందో చూద్దాం. సముద్రం పైనీరు సుమారు 27 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆవిరి బాగా పైకి లేస్తుంది. అక్కడ గాలి పీడనం తగ్గుతుంది. చుట్టూ ఉన్న గాలి ఆ చోటికి పరుగెత్తుతుంది. భూమి తిరుగుతోంది కాబట్టి ఆ గాలి తిన్నగా రాదు, సుడి తిరుగుతుంది. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఇవి ఎక్కువ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకి 180 కిలోమీటర్లు. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది. చెట్లు, కరెంటు స్తంభాలు లెక్కలేనన్ని కూలాయి. మన కొండల మీద కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లూ పడిపోయాయి.

ఇక డబ్బు సంగతి. మన మెస్ చూడండి. నెలకి ఇంత అని డబ్బు వస్తుంది. ఒకరోజు వంటషెడ్డు రేకులు ఎగిరిపోతే? వాటికి పెడితే కూరకి తక్కువ, కూరకి పెడితే రేకులుండవు. నగరానికీ అంతే. ఇంటిపన్ను, నీటి చార్జీలు, ప్రభుత్వ గ్రాంటులతోనే రోడ్లు, కాలవలు, వీధి దీపాలు నడవాలి. తుఫాను వస్తే ఖర్చు పెరుగుతుంది. దుకాణం మునిగినవాడు పన్ను కట్టలేడు కాబట్టి రాబడి తగ్గుతుంది.

అప్పుడు బయటి డబ్బు కావాలి. హుద్‌హుద్ తర్వాత కేంద్రం 1,000 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. 2015లో ప్రపంచ బ్యాంకు రాష్ట్రానికి 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆ పథకం కింద విశాఖలో కరెంటు తీగలు భూమి లోపల వేశారు. తీగ లోపలుంటే చెట్టు పడినా తెగదు. సాయం తిరిగివ్వక్కర్లేదు గాని అప్పు మాత్రం తీర్చాలి.

అందుకే జనానికి బెంగ. 2021లో రాష్ట్రంలోని పట్టణాల్లో ఇంటిపన్ను లెక్క మారింది. అంతకుముందు అద్దె విలువని బట్టి, తరవాత ఆస్తి విలువని బట్టి. చెత్తకి కూడా నెలనెలా డబ్బు పెట్టారు, 2024లో తీసేశారు. "తీసేశారు, మంచిదే. మరి చెత్తబండికి డబ్బు ఏ జేబులోంచి వస్తదో?" అంది మా అత్త. ఆ మాట నిజమే అనిపించింది.

ఆ రాత్రి వీధిలో నీరు గుమ్మం దాకా వచ్చేసింది. అత్త బియ్యం మూట మంచమెక్కించింది. మావయ్య, పక్కింటివాళ్లు, నేను కాలవలోని ప్లాస్టిక్ కవర్లు గోకి తీశాం. అరగంటలో నీరు దిగిపోయింది. దానికి ఖర్చు ఒక పార, నాలుగు చేతులు. నీరు ఇంట్లోకొస్తే బియ్యం, బట్టలు, మంచం అన్నీ పోయేవి. ముందు చేసే పని చవక, తరవాత చేసేది ఖరీదు అని నాకు అప్పుడే తెలిసింది.

మన వంటషెడ్డు వెనక కాలవ కూడా ఎంగిలాకులతో పూడిపోయింది. రేకుల మేకులు వదులయ్యాయి. వచ్చే ఆదివారం కాలవ మనం తీద్దాం. మేకులు చూపించమని వార్డెన్ గారిని కోరుతున్నాను.

— 10వ తరగతి విద్యార్థి