ఇంటి నుంచి బస్టాపు దాకా



కొత్త ఇల్లు వస్తుందంటే ఎవరికైనా సంతోషమే. గదులు ఎన్ని? నీళ్లు వస్తాయా? కరెంటు ఉందా? గోడలు గట్టివేనా? ఇవన్నీ అడుగుతాం. ఒక్క మాట మాత్రం అడగం. అక్కడి నుంచి బస్టాపు ఎంత దూరం? నడిచి పోవచ్చునా?

ఈ పాఠంలో ఆ సంగతే చెప్పుకుందాం.

హైదరాబాదు నగరాన్ని తీసుకోండి. అక్కడ ఎన్నో బస్తీలున్నాయి. ఇళ్లు ఇరుకు. వాన పడితే కొన్ని కారుతాయి. కొన్నింట్లోకి మురికినీళ్లు వస్తాయి. ఇలాంటి ఇళ్లలో ఉండే వారికి ప్రభుత్వం కొత్త ఇళ్లు కట్టి ఇస్తుంది. ఇది రెండు రకాలుగా జరుగుతుంది.

ఒకటి, ఉన్నచోటనే పాత ఇళ్లు తీసేసి కొత్తవి కట్టడం. సికింద్రాబాదులో బోయిగూడ దగ్గర ఐ.డి.హెచ్. కాలనీ ఉంది. అక్కడి పాత ఇళ్లు తీసేశారు. 2015 నవంబరులో 396 కొత్త ఇళ్లు ప్రారంభించారు. ఒక్కో ఇంట్లో రెండు పడక గదులు, ఒక హాలు, వంటగది. ఇలా కడితే ఉన్నవారు ఉన్నచోటే ఉంటారు. పిల్లల బడి మారదు. ఎక్కే బస్సు మారదు. అప్పు ఇచ్చే కిరాణా కొట్టు కూడా మారదు!

రెండోది, ఊరికి దూరంగా ఖాళీ భూమి చూసి కట్టడం. సంగారెడ్డి జిల్లాలో కొల్లూరు ఉంది. అక్కడ ఒకేచోట 15,660 ఇళ్లు కట్టారు. 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇంటికి నలుగురు అనుకున్నా, అరవై వేల మందికి పైనే. ఒక చిన్న పట్నమే అన్నమాట. భవనాలు తొమ్మిది, పది, పదకొండు అంతస్తులు. పైకి పోవడానికి లిఫ్టులున్నాయి. హైదరాబాదు నగరంలోని వేర్వేరు నియోజకవర్గాల వారికి ఆ ఇళ్లు ఇచ్చారు. నగరం నడిబొడ్డు నుంచి కొల్లూరు సుమారు 30 కిలోమీటర్లు. లింగంపల్లి రైలు స్టేషను గానీ, మియాపూర్ మెట్రో స్టేషను గానీ నడిచి పోయే దూరం కాదు. బస్సో, ఆటోనో ఎక్కాల్సిందే.

అంత దూరంగా ఎందుకు కడతారు? నగరం లోపల భూమి ధర మండిపోతుంది. పెద్ద కాలనీకి సరిపోయే సర్కారు భూమి దొరకదు. ఉన్నచోట కడదామంటే ఇంకో చిక్కు. కట్టేదాకా జనం ఎక్కడ ఉండాలి? కిరాయి ఎవరు ఇవ్వాలి? ఈ చిక్కులు నిజమే. అయినా ఉన్నచోట కట్టే వీలుంటే అదే మేలని నేనంటాను. ఎందుకో లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

బస్సు ఉచితం, మరి బస్సు దాకా?

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు ఉచితం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఎక్కవచ్చు. అది మహాలక్ష్మి పథకం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చింది. మంచిదే. చాలా మంచిదే. కానీ బస్సు మన గుమ్మం ముందుకు రాదు గదా! గుమ్మం నుంచి బస్టాపు దాకా ఉన్న ముక్క సంగతేమిటి?

ఇళ్లలో పని చేసుకునే ఒక అక్క ఉందనుకోండి. కొత్త ఇంటి నుంచి బస్టాపు రెండు కిలోమీటర్లు. షేర్ ఆటో ఎక్కుతుంది. మనిషికి 20 రూపాయలు అనుకుందాం. పోవడానికి 20, రావడానికి 20. నెలకు 26 రోజులు పని. పలక తీసుకుని మీరూ వేయండి.

రోజుకు 20 + 20 = 40 రూపాయలు
నెలకు 40 × 26 = 1,040 రూపాయలు
ఏడాదికి 1,040 × 12 = 12,480 రూపాయలు

బస్సులో ఒక్క పైసా కట్టలేదు. అయినా ఏడాదికి పన్నెండు వేలు దాటింది! ఇంటికి కిరాయి లేదనుకున్నాం. ఆ కిరాయిలో కొంత ఆటోకు పోతోంది.

సరే, ఆటో వద్దు, నడుస్తుంది అనుకుందాం. రెండు కిలోమీటర్లకు 25 నిమిషాలు. రానుపోను 50 నిమిషాలు. 26 రోజులకు 1,300 నిమిషాలు. అంటే 21 గంటల 40 నిమిషాలు. నెలలో దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ రోడ్డు మీదే గడిచినట్టు. పొద్దున్నే నీళ్లు పట్టి, వండి, పిల్లల్ని బడికి తయారు చేసే మనిషికి ఆ గంటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? నిద్రలోంచి వస్తాయి. ఇంకెక్కడా లేవు.

ఇంట్లో బండి ఉంటే అది ఎక్కువగా మగవాళ్ల చేతిలోనే ఉంటుంది. నడిచేది మనం. ఢిల్లీలోనూ చెన్నైలోనూ బస్తీల వారిని ఊరిబయట కాలనీలకు పంపారు. అప్పుడు ఎందరో ఆడవాళ్లు ఇళ్లలో చేసే పనులు వదులుకోవాల్సి వచ్చింది. ఇల్లు వచ్చింది, పని పోయింది.

దగ్గర అంటే ఎంత?

అధికారిని అడిగితే "దగ్గరేనమ్మా" అంటారు. కారులో వచ్చిన వారికి అన్నీ దగ్గరే! అందుకే మనం లెక్కలో అడగాలి.

కేంద్ర ప్రభుత్వం 2017లో ఒక విధానం తెచ్చింది. మెట్రో, రైలు వంటి స్టేషన్ల నుంచి 500 మీటర్లు మొదలు 800 మీటర్ల దాకా నడిచి వచ్చే దూరమని అందులో ఉంది. ఆ దూరంలోనే ఎక్కువ ఇళ్లు ఉండాలని, అందులో పేదల ఇళ్లూ ఉండాలని దాని ఉద్దేశం. మామూలుగా నడిస్తే 500 మీటర్లకు ఏడు నిమిషాలు పడుతుంది. చంకలో బిడ్డ ఉంటే ఇంకొంచెం ఎక్కువ.

టేపు లేకుండా కొలవవచ్చు. మన అంగ సుమారు రెండు అడుగులు. 500 మీటర్లంటే దాదాపు 820 అంగలు. గుమ్మం దగ్గర ఒకటి అని మొదలుపెట్టి లెక్క పెడుతూ నడవండి. వందకొకసారి ఒక చింతగింజ కొంగులో వేసుకోండి. బస్టాపు చేరేసరికి ఎనిమిది గింజలు ఉంటే దగ్గరే. ముప్పై ఉంటే దూరమే. మా బడిలో పిల్లలకూ ఇలాగే నేర్పాను. కాకపోతే వాళ్ల అంగ చిన్నది, గింజలు ఎక్కువ కావాలి.

అన్నట్టు, కాలనీ గేటు దగ్గర నుంచి కొలవకండి. మీ ఇంటి గుమ్మం నుంచే కొలవండి. పెద్ద కాలనీల్లో చివరి భవనం నుంచి గేటుకు రావడమే ఒక నడక. పైన పదో అంతస్తు అయితే లిఫ్టు కోసం నిలబడే సేపు కూడా కలపాలి.

గోడ, గేటు, రోడ్డు

కొన్నిచోట్ల వింత ఉంటుంది. బాల్కనీలో నిలబడితే బస్టాపు కనబడుతుంది. బస్సు హారన్ కూడా వినబడుతుంది. కానీ మధ్యలో కాలనీ ప్రహరీ గోడ. గేటేమో అవతలి వైపు. గోడ చుట్టూ తిరిగి పోవాలి. కంటికి 200 మీటర్లు, కాలికి కిలోమీటరు! దీనికి మందు చిన్నదే. బస్టాపు వైపు గోడలో మనిషి పట్టే చిన్న గేటు పెడితే చాలు. దానికి కొత్త రోడ్డు అక్కర్లేదు, భూమి కొననక్కర్లేదు. కాలనీ కట్టేటప్పుడే అడిగితే ఇంకా సులువు. దొంగల భయం అంటే రాత్రి తాళం వేసుకోవచ్చు.

రోడ్డు దాటడం ఇంకో సంగతి. పోయేటప్పుడు బస్సు ఒక వైపు ఆగితే, వచ్చేటప్పుడు అవతలి వైపు ఆగుతుంది. కాబట్టి రోజుకు ఒక్కసారైనా రోడ్డు దాటాలి. ఔటర్ రింగు రోడ్డు లాంటి దాన్నయితే నడిచి దాటనే కూడదు. కింద దారి ఎక్కడ ఉంటే అక్కడికి పోవాల్సిందే. ఆ కింద దారిలో దీపాలున్నాయా, వాన నీళ్లు నిలుస్తాయా? వానాకాలంలో ఒకసారి పోయి చూసినవారికే తెలుస్తుంది.

కాలిబాట ఎలా ఉండాలో కూడా ఒక కొలత ఉంది. అడ్డం లేకుండా నడిచే చోటు కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరు అడుగులు ఉండాలి. రోడ్డు మీద నుంచి దాని ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. అది జానెడు కంటే తక్కువ. రోడ్ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఈ మాట రాసింది. మోకాలెత్తు కాలిబాట కడితే ముసలమ్మ ఎలా ఎక్కుతుంది? రోడ్డు మీదే నడుస్తుంది. కాలిబాటల మీద నడవడం మనిషి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. ఇది గుర్తుంచుకోండి. అర్జీలో రాయడానికి పనికి వస్తుంది.

ఇల్లు తీసుకునే ముందు ఒకసారి అక్కడికి పోయి రండి. ఆదివారం పగలు కాదు. పని రోజున, మీరు పనికి బయల్దేరే వేళకు పోండి. మొదటి బస్సు ఎన్నింటికి? చివరి బస్సు ఎన్నింటికి? ఎంతసేపటికి ఒక బస్సు? బస్టాపు ఏడు నిమిషాల్లో ఉన్నా, బస్సు గంటకొకటి వస్తే ఏం లాభం?

ఉన్నచోటే కట్టిస్తామంటే వేరే ప్రశ్నలు అడగాలి. కట్టడం ఎన్ని నెలలు? అన్నాళ్లూ ఎక్కడ ఉండాలి? కిరాయి ఇస్తారా? తిరిగి మాకే ఇల్లు ఇస్తామని కాగితం ఇస్తారా? కాగితం చేతికి వచ్చాకే సామాను కదపండి.

ఇప్పటికే దూరం కాలనీలో ఉన్నవారు అర్జీ పెట్టుకోవచ్చు. బస్సు కోసమైతే ఆర్టీసీ డిపో మేనేజరుకు ఇవ్వాలి. దీపాలు, కాలిబాట కోసమైతే మున్సిపల్ కమిషనరుకు ఇవ్వాలి. తెలంగాణలో సోమవారం కలెక్టరు ఆఫీసులో ప్రజావాణి ఉంటుంది, అక్కడా ఇవ్వవచ్చు. ఇలా రాయండి:

డిపో మేనేజరు గారికి,
మా కాలనీలో ..... ఇళ్లు ఉన్నాయి. పొద్దున పనికి పోయే ఆడవాళ్లం ..... మందిమి. ఇప్పుడున్న బస్టాపు మా ఇళ్ల నుంచి ..... అంగలు, ..... నిమిషాల నడక. పొద్దున 5 నుంచి 8 లోపల ..... బస్సులే వస్తున్నాయి. బస్సును కాలనీ గేటు దాకా నడపాలని కోరుతున్నాం.
ఇట్లు, కాలనీ మహిళలు

చుక్కలు ఉన్నచోట మీ లెక్కలు నింపండి. అందరూ సంతకాలు పెట్టండి. వేలిముద్ర వద్దు, సంతకమే! రెండు కాగితాలు రాయండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంట్లో దాచుకోండి. నెల దాటినా జవాబు రాకపోతే, సమాచార హక్కు చట్టం కింద అదే ఆఫీసుకు ఇంకో కాగితం పెట్టి, మా అర్జీ ఏమైందని అడగవచ్చు. ముప్పై రోజుల్లో వారు జవాబు చెప్పాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కార్డు జత చేసినవారికి దానికి రుసుము లేదు.