ఫ్యాన్ 4లోనే తిరుగుతోందా? మోటారు మార్చే ముందు ఇది చూడండి!

బంట్వారం, తాండూరు రోడ్లపై కారు నడిపేవాళ్లకు దుమ్ము కొత్తేం కాదు. ఆ దుమ్ముతో క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోతే దెబ్బ పడేది బ్లోయర్ రెసిస్టర్‌కి.

ఏసీ ఫ్యాన్ 1, 2, 3లో తిరగక 4లో మాత్రమే తిరుగుతోందా? అనుమానం ముందు రెసిస్టర్‌పైనే. తక్కువ స్పీడ్లలో కరెంటు దాని గుండా వెళ్తుంది, 4లో నేరుగా మోటారుకే. రెసిస్టర్‌ని చల్లబరిచేదీ బ్లోయర్ గాలే. గాలి తగ్గితే మాడిపోతుంది. మోటారు బిగుసుకున్నా అదే గతి.

చాలా మాన్యువల్ ఏసీ కార్లలో ఇది గ్లోవ్‌బాక్స్ వెనక ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, కనెక్టర్ ఊడదీసి, స్క్రూలు విప్పి మార్చుకోవచ్చు. కనెక్టర్ కరిగి ఉంటే అదీ మార్చాలి. పాత ఫిల్టర్ అలాగే ఉంచితే కొత్త రెసిస్టరూ కాలుతుంది.

4లో తిరుగుతోందిగా అని వదిలేయకండి. వానాకాలం అనంతగిరి ఘాట్‌లో అద్దం లోపల పట్టే ఆవిరిని పోగొట్టేది ఈ గాలే!