వ్రాసినవారి హక్కు – వాడేవారి అనుమతి

పావగడ తాలూకాలో ఉత్తర పినాకిని ఒడ్డున నాగలమడిక ఉన్నది. అది సుబ్రహ్మణ్యస్వామి ఆలయానికి పేరుపొందిన ఊరు. ఆ ఊరి విద్యార్థి ఒకడు, కన్నడ పదానికి తెలుగు పదాన్ని చూపే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాము వ్రాశాడనుకుందాం. అందరికీ ఉపయోగపడాలని దాని మూలసంకేతాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, ఇంటర్నెట్టులో ఉంచాడు. అనంతపురంలోని ఒక యువతి దానిని చూచి, మరికొన్ని పదాలు చేర్చి, నలుగురికీ పంచాలనుకున్నది. ఆమె అలా చేయవచ్చునా?

అతని అనుమతి లేనిదే చేయరాదు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం అమలులో ఉన్నది. 1984లో చేసిన సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా సాహిత్య రచనల వలె దాని రక్షణలోకి వచ్చాయి. కథ వ్రాసిన వారికి ఉండే హక్కే ప్రోగ్రాము వ్రాసిన వారికీ ఉంటుంది. అందుకు నమోదు తప్పనిసరి కాదు. ఆ హక్కు రచయిత జీవితకాలమంతా, తదనంతరం 60 సంవత్సరాల పాటు ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా వ్రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు యజమానిది అవుతుంది.

పదిమందికీ కనబడేలా ఉంచినంత మాత్రాన హక్కు వదులుకున్నట్లు కాదు. అనుమతి పత్రం లేని ప్రోగ్రాము, ఊరికోసం త్రవ్వించి తలుపు వేసి ఉంచిన బావి వంటిది. నీళ్ళు కనబడతాయి, తోడుకొనే వీలు ఉండదు. ఆ తలుపు తెరిచేదే లైసెన్సు.

లైసెన్సులలో ముఖ్యంగా రెండు తరగతులు ఉన్నాయి. ఎం.ఐ.టి., బి.ఎస్.డి. లైసెన్సులు మొదటి తరగతివి. వీటి ప్రకారం ఎవరైనా ప్రోగ్రామును వాడవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు. రచయిత హక్కు ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని తొలగించకుండా ఉంచితే చాలు. తాము చేసిన మార్పులను దాచుకొన్నా తప్పు లేదు.

రెండవ తరగతికి చెందినది జి.పి.ఎల్. రిచర్డ్ స్టాల్‌మన్ దీనిని 1989లో వెలువరించారు. దీని ప్రకారం కూడా అమ్ముకోవచ్చు. కాని మార్చిన ప్రోగ్రామును ఇతరులకు పంచేవారు, దాని మూలసంకేతాన్ని కూడా అవే షరతులతో ఇవ్వాలి. తాను పొందిన స్వేచ్ఛను తరువాతివారికి అందించాలన్నదే ఇందలి నియమం.

తెలుగు లిపి కంప్యూటరులో వ్యాపించడానికి ఇటువంటి ఉదారత ఎంతో తోడ్పడింది. ఒకప్పుడు తెలుగు పత్రికలు వేరువేరు అక్షర సంకేతాలను వాడేవి. సరియైన ఖతి లేకుంటే అక్షరాలు గజిబిజిగా కనబడేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ను రూపొందించారు. దాని ఆధారంగా వీవెన్ 2006లో ‘లేఖిని’ని తయారుచేశారు. ఒకరి శ్రమ మరొకరికి మెట్టు అయింది. లోహిత్ తెలుగు ఖతి మొదట జి.పి.ఎల్. కింద ఉండేది, 2011లో ఖతుల కొరకే ఏర్పడిన ఓపెన్ ఫాంట్ లైసెన్సు కిందికి మారింది. సిలికానాంధ్ర వెలువరించిన పలు తెలుగు ఖతులకు కూడా ఈ లైసెన్సే ఉన్నది.

మరి మన విద్యార్థి ఏ లైసెన్సును ఎన్నుకోవాలి? తన ప్రోగ్రాము వీలైనంత విరివిగా వ్యాపిస్తే చాలుననుకుంటే మొదటిది తగినది. దానిని మెరుగుపరచినవారు ఆ మెరుగులను తిరిగి అందరికీ పంచాలనుకుంటే రెండవది తగినది. ఏదైనా ముందే ఆలోచించి నిర్ణయించుకోవాలి. ఈ లైసెన్సుల ప్రకారం పొందినవారు షరతులు పాటిస్తున్నంత వరకు, ఇచ్చిన అనుమతిని తిరిగి లాగుకొనే వీలు సాధారణంగా ఉండదు. ఇతరులు కూడా అందులో వ్రాసి ఉంటే, వారి భాగంపై హక్కు వారిదే. అటువంటప్పుడు లైసెన్సును మార్చాలంటే వారి సమ్మతి కూడా కావాలి.

కనుక ప్రోగ్రామును ప్రకటించేటప్పుడు రచయిత పేరు, సంవత్సరం, లైసెన్సు పాఠం దానితో జతపరచాలి. ఇతరుల ప్రోగ్రామును తీసుకొనేటప్పుడు ముందుగా దాని లైసెన్సును చదవాలి. ఇచ్చేవారు తమ మనసులోని మాటను స్పష్టంగా వ్రాసి ఉంచితేనే ఆ అనంతపురం యువతి నిస్సంకోచంగా పని మొదలుపెట్టగలదు. ఇవ్వాలన్న మంచి మనసు ఉంటే చాలదు. ఇచ్చినట్లు చెప్పడం కూడా అవసరం.