కృష్ణానగర్‌ వెళ్లే ముందు...

క్యాంపస్‌లో ప్లేస్‌మెంట్స్‌ నడుస్తున్నాయి. ఫ్రెండ్సంతా రెజ్యూమెలు దిద్దుకుంటుంటే మీ మనసు మాత్రం సినిమా ఆడిషన్ల మీదే ఉందా? ఇంట్లో చెబితే ‘ఇందుకేనా చదివించింది’ అంటారు. వదిలేద్దామంటే మనసొప్పదు. మరేం చేయాలి?

ఏడేళ్ల నడక

నవీన్‌ పొలిశెట్టినే తీసుకోండి. భోపాల్‌ మానిట్‌లో ఇంజినీరింగ్‌ చదివాడు. ఉద్యోగం వదిలి నటన వైపు వచ్చాడు. 2012లో ‘లైఫ్‌ ఈజ్‌ బ్యూటిఫుల్‌’, 2014లో ‘1: నేనొక్కడినే’... రెండింట్లోనూ చిన్న పాత్రలే. హీరోగా ‘ఏజెంట్‌ సాయి శ్రీనివాస ఆత్రేయ’ వచ్చింది 2019లో. ఈ మధ్యలో ఖాళీగా కూర్చోలేదు. 2017లో క్యాంపస్‌ ప్లేస్‌మెంట్స్‌ మీద వచ్చిన యూట్యూబ్‌ వీడియోలో నటించి, దేశమంతా కుర్రాళ్లకు దగ్గరయ్యాడు.

కాబట్టి బయల్దేరే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఛాన్స్‌ రాని నెలల్లో గది అద్దె ఎలా? ఆ నెలల్లో నటన సాధన ఎక్కడ?

అద్దెకో దారి

ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. పగలు ఆడిషన్లకు వీలుండేలా నైట్‌ షిఫ్టో, సాయంత్రం ట్యూషన్లో, వీడియో ఎడిటింగో చూసుకోండి. డిగ్రీ మాత్రం మధ్యలో ఆపొద్దు. అది ఉంటేనే హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీలో థియేటర్‌ పీజీకి, దిల్లీ నేషనల్‌ స్కూల్‌ ఆఫ్‌ డ్రామాలో మూడేళ్ల కోర్సుకు పోటీపడగలరు.

సాధనకో దారి

నాటక బృందంలో చేరండి. స్నేహితుల షార్ట్‌ఫిల్మ్‌లో రెండు డైలాగులున్నా చేయండి. వారానికో వీడియో తీసుకోండి. ఫోన్‌ చాలు. వెనక సాదా గోడ, ముఖం మీద పగటి వెలుతురు, ఫిల్టర్లు వద్దు. పేరు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పి, రెండు పక్కలకూ తిరిగి చూపించి, ఒక నిమిషం నటించండి. నెల తర్వాత మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

డబ్బడిగితే లేచి రండి

రిజిస్ట్రేషన్‌ ఫీజు, ఆర్టిస్టు కార్డు, ‘రోల్‌ కన్‌ఫర్మ్‌’... పేరేదైనా, డబ్బు తీసుకుని ఇస్తామనేది వేషం కాదు, మోసం. ప్రకటన నిజమో కాదో నిర్మాణ సంస్థ అధికారిక పేజీలో సరిచూసుకోండి. ఆడిషన్‌కు హోటల్‌ గదికి రమ్మంటే వెళ్లొద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్‌ చేయండి.

చివరగా అమ్మానాన్నల దగ్గర కూర్చుని ఒక తేదీ చెప్పండి. రెండేళ్లో, మూడేళ్లో మీ ఇష్టం. ఆ రోజున ఏం నేర్చుకున్నారో, ఎంత సంపాదించారో లెక్క చూపిస్తానని మాటివ్వండి. ‘సినిమాల్లోకి వెళ్తా’ అంటే భయపడే నాన్న, లెక్క చెప్పే కొడుకునో కూతురునో కాస్త నమ్ముతాడు.